కొమ్ము పురుగు కింద నాన్న గొంతు

జిల్లాలో కలం పట్టినవాళ్ళవీ, ముఖానికి రంగు వేసుకున్నవాళ్ళవీ అందరి గొంతులూ రేడియోలో వినిపించింది కాత్యాయని. సొంత తండ్రి గొంతు ఎలా ఉంటుందో మాత్రం ఆమెకు తెలియదు.

కాకినాడ సాగరవాణి రేడియోలో ఆమెది వారం వారం వచ్చే కార్యక్రమం. ఒక వారం రచయితని కూర్చోబెట్టి పుస్తకం ఎలా రాశారని అడుగుతుంది. ఇంకో వారం నాటక దర్శకుణ్ణి కూర్చోబెట్టి నాటకం ఎలా ఆడించారని అడుగుతుంది. అవతలి మనిషి ఎంత మొహమాటస్తుడైనా సరే, టీ చల్లారేలోగా నోరు విప్పించే నేర్పు ఆమెది. బజార్లో కూరలమ్మే మనిషి కూడా ఆమె బేరమాడటం విని "రేడియో అమ్మగారా" అని గుర్తుపట్టి నాలుగు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేస్తుంది.

ఆమె తండ్రి దేవరాపల్లి మార్కండేయులు నాటక రచయిత. ఆయన పోయేనాటికి కాత్యాయని ఇంకా బడికి కూడా వెళ్ళని పిల్ల. ఇంట్లో ఆయన ఫొటోలు ఉన్నాయి, కప్పిన శాలువాలు ఉన్నాయి, కళ్ళజోడు కూడా ఉంది. గొంతు లేదు. బతికుండగా ఒకే ఒక్కసారి, ఇదే స్టేషన్లో, తన 'ఉప్పుమడి' నాటకం గురించి అరగంట మాట్లాడాడు. ఆ టేపు మిగల్లేదు. ఆ రోజుల్లో టేపులకి కరువు. ఒక కార్యక్రమం ప్రసారమవగానే దాన్ని చెరిపేసి, అదే టేపు మీద ఇంకోటి రికార్డు చేసేవారు. పద్యాలైనా, పశువుల జబ్బులైనా టేపుకి ఒకటే.

అందుకే ఆ మధ్యాహ్నం ఫోన్లో, స్టేషన్ పాత టేపులకి కాపీలు తీస్తున్న రూత్ మేరీ చెప్పిన మాట ఆమెకి మొదట వేళాకోళంలా వినిపించింది.

"మేడమ్, కొమ్ము పురుగు కింద మీ నాన్నగారు ఉన్నారు."

* * *

డాక్టర్ రూత్ మేరీ పరిశోధన చేసే గది ఇంజనీరింగు కాలేజీలో వరండా చివర ఉంది. ఆమె కట్టిన యంత్రానికి పత్రికల్లో వేసుకోవడానికి ఏదో పెద్ద పేరుంది కానీ, గదిలో అందరూ దాన్ని 'పొయ్యి' అంటారు. చూడ్డానికి పాతకాలపు టేపు రికార్డరే. చక్రాల మధ్య గోరంత లోహపు ముక్క ఒకటి అదనం. టేపు చీమ నడిచినట్టు దాని మీదుగా పాకుతుంది, అది వెచ్చబడుతుంది.

"వినండి," అంది రూత్.

స్పీకర్లో ఒక వ్యవసాయ అధికారి కొబ్బరి మొవ్వు తినే కొమ్ము పురుగుని ఎలా చంపాలో తీరిగ్గా చెబుతున్నాడు. "రైతు సోదరులారా, ఇనప చువ్వతో పురుగును పొడిచి బయటికి లాగవలెను..."

"ఇది పై పొర. కాపీ తీసేశాను, దీనికి ఢోకా లేదు," అంది రూత్. "టేపు మీద ఉండేది తుప్పులాంటి పొడి మేడమ్. చెరిపినప్పుడు పొడిలో చాలా రేణువులు కొత్త మాటకి తిరిగిపోతాయి. కొన్ని మొండివి ఉంటాయి. అవి పాత మాటనే పట్టుకుని కూర్చుంటాయి. వాటికి సరిపడా వేడి తగిలితే లేచి చెప్పేస్తాయి."

"అయితే ఆలస్యం దేనికమ్మా?" కాత్యాయని కుర్చీ అంచుకి జరిగింది.

రూత్ టేపు డబ్బా తిప్పి చూపించింది. అట్ట మీద మూడు పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మొదటి రెండూ కొట్టేసి ఉన్నాయి. మొదటిది మార్కండేయులు. రెండోది బొండాడ సత్యలింగం, నాటక దర్శకుడు. మూడోది కొమ్ము పురుగు.

"కింద రెండు పొరలు ఉన్నాయి. ఒక్కోటీ ఒక్కో వేడికి లేస్తుంది. ఒకటి లేస్తే రెండోది చచ్చిపోతుంది. ఇక ఏం చేసినా లేవదు. ఎవర్ని లేపాలో మీరు చెప్పాలి."

ఆ రెండో పేరు చూడగానే కాత్యాయని మొహం మాడిపోయింది. సత్యలింగం, మార్కండేయులు ఒకప్పుడు ఒకే కంచంలో తిన్న స్నేహితులు. ఆయన రాస్తే ఈయన ఆడించేవాడు. 'ఉప్పుమడి'లో పోలమ్మ అనే ఉప్పు కూలీ ఉంటుంది. ఆమె సాగు చేసిన మడిని కాజెయ్యడానికి పెద్దమనుషులు పంచాయితీ పెడతారు. చివరి సన్నివేశంలో పోలమ్మ అందరి ముందూ నోరు విప్పి అడగాల్సినదంతా అడుగుతుంది. మార్కండేయులు ఆ మాటలు నాలుగు పేజీలు రాశాడు. సత్యలింగం మూడు నెలలు రిహార్సళ్ళు చేయించి, తీరా నాటకం వేసే రోజున ఆ నాలుగు పేజీలూ తీసిపారేశాడు. పోలమ్మ గుప్పిట్లో ఉప్పు పట్టుకుని, పెద్దమనుషుల వంక చూస్తూ మౌనంగా నిలబడుతుంది. ఉప్పు వేళ్ళ సందుల్లోంచి జారి అయిపోయేదాకా నిలబడుతుంది. తెర పడుతుంది.

జనం చప్పట్లతో పందిరి ఎగరగొట్టారు. మార్కండేయులు మాత్రం లేచి నిలబడి, "నా మాటలు మింగేసి అక్కడొక బొమ్మని నిలబెట్టావా!" అని నిండు సభలో అరిచి వెళ్ళిపోయాడు. బొమ్మ అనిపించుకున్నది సత్యలింగం భార్య వరహాలమ్మ, పోలమ్మ వేషం వేసినావిడ. ఆ రోజు నుంచి ఆ రెండిళ్ళూ ఉప్పూ నిప్పూ అయ్యాయి. మరో ఏడాదికి మార్కండేయులు పోయాడు. రాతప్రతి ఎవరింట్లో ఉందో, ఎప్పుడు చెదలు తిన్నాయో కూడా ఎవరికీ తెలియదు. ఆ నాలుగు పేజీలు అలా పోయాయి.

"నాన్నదే లేపండి," అంది కాత్యాయని.

"ఆ రెండో ఆయన తాలూకు ఎవరైనా ఉన్నారా?"

"వాళ్ళావిడ ఉంది, జగన్నాథపురంలో."

"ఆవిడకి చెప్పారా?"

కాత్యాయనికి చిరాకేసింది. "టేపు మా స్టేషన్‌ది రూతమ్మా. స్టేషన్ తరఫున అడుగుతున్నది నేను."

రూత్ పొయ్యి కట్టేసింది. "మొదట్లో దీన్ని మా ఇంట్లో టేపు మీదే పరీక్షించాను. మా తాతగారి ప్రసంగం కోసం. బాగా వచ్చింది, అందరం సంతోషించాం. తర్వాత లెక్కలు చూసుకుంటే దాని పక్కనే ఇంకో పొర ఉండేదని తెలిసింది. మా నాన్నమ్మ క్రిస్మస్ పాట అయ్యుంటుందని మా అత్తయ్య అంది. ఆవిడ పాడిన పాట ఇంకెక్కడా లేదు. ఒకసారి చేశాను, ఇక చెయ్యను మేడమ్. ముందు ఆవిడకి చెప్పి రండి."

* * *

కాత్యాయని ఇంటికి వచ్చేసరికి భర్త సోమేశ్వర్ బీరకాయ తొక్కు పచ్చడి నూరుతున్నాడు. ఆ ఇంట్లో వంట ఆయనది, మాటలు ఆమెవి. జరిగింది చెప్పింది. చెబుతూ చెబుతూ రూత్ మీద నాలుగు మాటలు విసిరింది కూడా.

"చదువుకున్న పిల్ల, ధర్మం మాట్లాడింది. అందుకే నీకు కోపం వచ్చింది," అన్నాడు సోమేశ్వర్.

"నాకు మా నాన్న గొంతు కావాలండీ. ఒక్కసారి వినాలి. ఆయన నన్ను ఏమని పిలిచేవాడో కూడా నాకు గుర్తులేదు. అది నేరమా?"

"నేరమని ఎవరన్నారు? నాకొకటి చెప్పు. జిల్లాలో నాటకాల వాళ్ళందర్నీ రేడియోకి పిలిచావు. తాళం వేసేవాణ్ణి, తెర లాగేవాణ్ణి కూడా వదల్లేదు. వరహాలమ్మ గారిని ఎప్పుడైనా పిలిచావా?"

కాత్యాయని పళ్ళెం ముందుకి లాక్కుంది. "లేదు."

"ఏం?"

"ఆవిడ పేరెత్తితే మా అమ్మ అన్నం దగ్గర్నుంచి లేచిపోయేది."

"అత్తయ్యగారు పోయి కూడా చాలా కాలమైంది కాత్యా," అన్నాడాయన మెల్లిగా. ఆమె పచ్చడి కలుపుకుంది. అన్నం సయించలేదు.

* * *

వరహాలమ్మ మేడ మీద చాప పరిచి మినప వడియాలు పెడుతోంది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, నడుం మాత్రం నిటారుగా ఉంది. మెట్లెక్కి వచ్చిన మనిషిని కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"నువ్వు మార్కండేయులు గారి అమ్మాయివి గదూ? ముక్కు ఆయనదే. పెద్దది."

కాత్యాయని చెయ్యి ముక్కు మీదికి పోయింది.

"ఎండలో నిలబడ్డావంటే వడియాల్తో పాటు నువ్వూ ఎండిపోతావ్. ఇలా నీడలోకి రా," అంది వరహాలమ్మ.

కాత్యాయని అంతా చెప్పింది. టేపు సంగతి, రెండు పొరల సంగతి, పొయ్యి సంగతి. సత్యలింగం గొంతు ఉన్న పొర అనగానే వరహాలమ్మ పిండి చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ఆయన పోయి పన్నెండేళ్ళు. ఆయన ఆడించిన నాటకాలు ఊరంతా చూసింది, ఒక్కటీ ఎవరూ పట్టి ఉంచలేదు.

"ఇప్పుడేంటి, మీ నాన్న లేస్తే మా ఆయన పోతాడా? పోయినోళ్ళిద్దరూ ఇంకా కొట్టుకుంటానే ఉన్నారన్న మాట!" అని నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. "నన్నడక్కుండా చేసెయ్యొచ్చుగా. ఎందుకొచ్చావ్?"

"చేసెయ్యాలనే అనుకున్నానండి," అంది కాత్యాయని. అబద్ధం ఆడాలనిపించలేదు.

వరహాలమ్మ చేతి పిండి గిన్నె అంచుకి గీసింది. "ఆ టేపుని ముక్కముక్కలుగా వేడి చెయ్యలేరా? ఒక ముక్క మీది, ఒక ముక్క మాది?"

కాత్యాయని అక్కడి నుంచే రూత్‌కి ఫోన్ చేసి అడిగింది. చెయ్యొచ్చు, ప్రతి ముక్క దగ్గరా వేడి మారిస్తే సరిపోతుంది అంది రూత్. ఆ సంగతి తనకి తట్టనందుకు ఆమెకి సిగ్గేసినట్టుంది, రెండుసార్లు థాంక్స్ చెప్పింది.

"అయితే వంతులేసుకుందాం. కాలవ నీళ్ళకి రైతులు వేసుకోరా? అట్టాగే," అంది వరహాలమ్మ. "నీ వంతు నువ్వు పెట్టుకో, నా వంతు నాకొదులు. నా వంతులో నువ్వు వేలు పెట్టకూడదు, నీ దాంట్లో నేను పెట్టను. రేపే వస్తన్నా. ఎదురుగా కూర్చోకపోతే నాకు నమ్మకం ఉండదు."

* * *

మొదటి వంతు నాదేనని కాత్యాయని పట్టుబట్టింది. సరేనంది వరహాలమ్మ. రూత్ వేడి సరిచేసింది. టేపు పాకడం మొదలైంది. అది పాకినంతసేపూ ఏమీ వినిపించదు. ముక్క పూర్తయ్యాక, కంప్యూటర్ దాన్ని శుభ్రం చేశాక, అప్పుడు వినాలి. కాత్యాయని అరచేతులు చీర కొంగుకి తుడుచుకుంది.

స్పీకర్లోంచి ఒక నిండైన గొంతు వచ్చింది. ఆమెకి ఒళ్ళు జలదరించింది. "నమస్కారం. నవ్యాంధ్ర నాటక రంగ నందనవనంలో నవనవోన్మేషంగా విరిసిన పారిజాతం..."

ఆ గొంతు అనౌన్సరుది. పారిజాతం తర్వాత మకరందం వచ్చింది. మకరందం తర్వాత ఆయన పొందిన సన్మానాలు, సన్మానాల తర్వాత ఆ సన్మానాలు చేసిన సంస్థలు వచ్చాయి. "అటువంటి మార్కండేయులు గారు ఈనాడు మన స్టూడియోకి విచ్చేశారు" అనేసరికి ముక్క అయిపోయింది. చివర్లో ఎవరో చిన్నగా దగ్గారు.

"ఆ దగ్గు మీ నాన్నదే," అంది వరహాలమ్మ. "పొడి దగ్గు. రిహార్సల్లో కూర్చుని ఇట్టాగే దగ్గేవోరు." అని ఆపుకోలేక నవ్వేసింది. "మీ రేడియో వాళ్ళు మనిషిని పీకల్దాకా పొగిడితే గానీ నోరు తెరవనివ్వరు గదా!"

కాత్యాయనికి ఏడుపొకటే తక్కువ. అన్నేళ్ళుగా తానూ అంతే పొడుగు పరిచయాలు చదువుతూ వచ్చింది. రేడియోలో పుట్టి పెరిగిన మనిషి అయ్యుండి, మొదటి ముక్కలో అతిథి ఉండడన్న సంగతే మర్చిపోయింది. వంతు పోయింది, దగ్గు మిగిలింది.

రెండో ముక్క వరహాలమ్మది. ఈసారి వచ్చింది బరువైన గొంతు, ముక్కు పట్టేసిన గొంతు. "మాటనేది నటుడికి చేతికర్ర లాంటిదండి. నడవడం రానన్నాళ్ళూ కావాలి. నడక వచ్చేశాక కర్రెందుకండి?"

వరహాలమ్మ పమిట భుజం మీదికి లాక్కుని సర్దుకు కూర్చుంది, ఆయన ఆ గదిలోకి వచ్చినట్టే. "పడిశం. ఆవేళ రేడియోకి ఎల్లొద్దంటే ఇన్లేదు. మిరియాల కషాయం తాగించి పంపాను," అంది. కళ్ళు తుడుచుకోలేదు. వాటంతటవి కారుతుంటే కారనిచ్చింది. రూత్ దాన్ని రెండోసారి వినిపించింది.

మూడో ముక్క. ఇన్నాళ్ళూ కాత్యాయని మనసులో అనుకున్నది గంభీరమైన గొంతు. వచ్చింది సన్నటి, హడావుడి గొంతు, వెనకాల ఎవరో తరుముతున్నట్టు.

"కర్ర అంటాడండి మావాడు నా మాటల్ని! సరే, కర్రే అనుకుందాం. ఆ పోలమ్మని పుట్టినప్పట్నుంచీ అందరూ కర్రతో కొట్టినవాళ్ళే కదండీ. ఒక్కసారి ఆవిడ చేతికి కర్ర ఇస్తే ఏం పోయింది?"

ముందు రూత్ నవ్వింది. తర్వాత వరహాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాత్యాయని మాత్రం నవ్వలేదు. ఆ సన్నటి గొంతు తన గొంతే. తాను కంగారులో ఉన్నప్పుడు మాట్లాడే గొంతు. స్టూడియోలో దాన్ని అణచుకోవడం నేర్చుకోవడానికి ఆమెకి కొన్నేళ్ళు పట్టింది. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఆమెకి అంత ఆనందం ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

నాలుగో ముక్కలో సత్యలింగం అన్నాడు: "మార్కండేయులు గొప్పోడండి, నేను కాదన్ను. కానీ ఆయనకి జనం మీద నమ్మకం లేదు. అన్నం కలిపి, ముద్ద చేసి, నోట్లో పెట్టాలంటాడు. ఆళ్ళకి చేతుల్లేవా?"

అలా ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకుంటూ పోయారు. ఒకాయన ఒక నెలలో, ఇంకొకాయన మరుసటి నెలలో, ఒకే కుర్చీలో కూర్చుని ఎవరి మాట వాళ్ళు చెప్పుకున్నారంతే. ఇద్దరూ మనసులో మోసిన తగువు ఒకటే కాబట్టి, మాటకి మాట అతికిపోయింది. మూడు నెలల రిహార్సళ్ళలో ఎన్నిసార్లు ఇదే కొట్లాట కొట్లాడుకున్నారో! "వీళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఇలా మాట్లాడుకుని ఉంటే బాగుండేది," అంది రూత్. "కూర్చుంటే మాట్లాడేవోళ్ళు కాదమ్మా, కొట్టుకునేవోళ్ళు," అంది వరహాలమ్మ. మధ్యలో ఫ్లాస్కులో టీ అయిపోయింది. వంతుల గొడవ కూడా ఎక్కడో అయిపోయింది. "ఈ ముక్క నువ్వే తీసుకో", "వద్దు, మీదే కానివ్వండి" అనే మర్యాదల్లోకి దిగారు.

చివరికి రెండు ముక్కలు మిగిలాయి. ముందుది కాత్యాయనిది. అందులో మార్కండేయులు చాలాసేపు ఉప్పుమళ్ళలో తాను తిరిగిన రోజుల గురించి చెప్పాడు. ముక్క ముగిసేముందు అనౌన్సరు అడిగాడు: "మరి ఆ ఆఖరి ఘట్టంలో పోలమ్మ మాటలు, ఆ నాలుగు పేజీలు, మా శ్రోతల కోసం ఒక్కసారి వినిపిస్తారా?"

అక్కడ ఆగిపోయింది.

ఆ నాలుగు పేజీలు పక్క ముక్కలో ఉండాలి. పక్క ముక్క వరహాలమ్మ వంతు, అదే ఆఖరిది. అందులో సత్యలింగం చివరి మాటలు ఉన్నాయి. అడగడానికి కాత్యాయనికి నోరు రాలేదు. మొదటి వంతు పంతం పట్టి పోగొట్టుకున్నది తనే. గది కిటికీలోంచి కాలేజీ పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. రూత్ వేడి మీట మీద చెయ్యి వేసి, ఎవరి మొహమూ చూడకుండా కూర్చుంది.

"పెట్టమ్మా," అంది వరహాలమ్మ. "మార్కండేయులు గారిదే పెట్టు."

"వద్దండి. అది మీది," అంది కాత్యాయని. గొంతు సన్నబడిపోయింది, అచ్చం తండ్రిది లాగే.

"నాది కాబట్టే ఇస్తన్నా. మా ఆయన్తో నలభై ఏళ్ళు కాపరం చేశాను. ఆయన తిట్లు, పాటలు, గురక, అన్నీ నా చెవిలో ఉన్నాయి. నీకేముంది? ఓ దగ్గుంది." వరహాలమ్మ రూత్ వైపు తిరిగింది. "పెట్టమంటన్నా గదా."

రూత్ మీట తిప్పింది. టేపు పాకింది. సత్యలింగం ఆ రోజు ఆఖరున ఏమన్నాడో ఇక ఎవరికీ ఎన్నటికీ తెలియదు. అది తెలిసే ముగ్గురూ కూర్చున్నారు, ఎవరూ ఒకరి వంక ఒకరు చూసుకోలేదు.

తర్వాత ఆ సన్నటి గొంతు వచ్చింది. ఈసారి హడావుడి లేదు.

"ఆ మాటలు ఇప్పుడు చెప్పలేనండి. అడక్కండి." ఒక దగ్గు. "మొన్న తునిలో మా నాటకం పడింది. ఎవరికీ చెప్పకుండా టికెట్టు కొనుక్కుని వెనక వరసలో కూర్చున్నాను. వరహాలమ్మ వచ్చి నిలబడింది. గుప్పిట్లో ఉప్పు. నోరు మెదపలేదు. కానీ నేను రాసిన నాలుగు పేజీలూ ఆ మొహం మీద వరసన కనబడ్డాయండి నాకు. ఒక్క అక్షరం పోలేదు. ఆ మనిషిని నేను నిండు సభలో బొమ్మ అన్నాను. అంత తప్పు మాట నా జన్మలో అనలేదు."

"ఈ సంగతి సత్యలింగం గారికి చెప్పారా?" అనౌన్సరు గొంతు.

"చెప్పను! వాడికి నెత్తికెక్కుతుంది."

"మరి రేడియోలో చెబుతున్నారు కదండీ!"

"వాడు నా ప్రోగ్రాం ఎందుకు వింటాడండి," అన్నాడు మార్కండేయులు. ఆ అనడంలో వింటే బాగుండునన్న ఆశ దాచినా దాగలేదు. అంతటితో టేపు అయిపోయింది.

వరహాలమ్మ తన కుర్చీ కాత్యాయని దగ్గరికి జరుపుకుంది.

"ఆవేళ మా ఇంట్లో రేడియో కట్టేశాం," అంది. "మీ నాన్న పేరు చెప్పగానే మా ఆయన లేచి కట్టేశాడు. ఇన్న వాళ్ళెవరూ మాకు చెప్పలేదు. ఆయన పేరెత్తితే ఈయన ఊరుకునేవోడు కాదు గదా." చెయ్యి చాపి కాత్యాయని చెయ్యి పట్టుకుంది. "అప్పుడే ఎదురుగా వచ్చి చెప్పొచ్చుగదమ్మా మీ నాన్న! ఎంత పని చేశాడు!"

కాత్యాయని ఆవిడ భుజం మీద తల వాల్చి ఏడ్చింది. సిగ్గుపడలేదు.

* * *

రెండు వారాల తర్వాత ఆ ముక్కల టేపు సాగరవాణిలో ప్రసారమైంది. కాత్యాయని పరిచయం రెండే వాక్యాలు చదివింది. టేపు అయిపోగానే నేరుగా స్టూడియోలోంచి సంభాషణ. ఎదురుగా వరహాలమ్మ, ఇస్త్రీ చీర కట్టుకుని, మైకుని అనుమానంగా చూస్తూ కూర్చుంది.

"పోయిన ముక్కల్లో సత్యలింగం గారు ఏమని ఉంటారంటారు?" అని అడిగింది కాత్యాయని.

"ఏమంటాడమ్మా, మీ నాన్నని తిట్టుంటాడు. ఆఖరికి మాత్రం పొగిడుంటాడు. మా ఆయన తిట్టడం మొదలెడితే పొగడ్తలోనే తేలేవోడు."

అద్దం అవతల ఇంజనీరు నవ్వుతున్నాడు. అరగంట అలా సరదాగా సాగింది. మేకప్పు కోసం ముగ్గురూ కలిసి మసి నూరిన రోజులు, వానలో పడిపోయిన పందిళ్ళు, మార్కండేయులు రిహార్సల్లో దొంగతనంగా తిన్న పకోడీలు, అన్నీ వచ్చాయి. ఇక ముగించే వేళయింది. కాత్యాయని నటులందరినీ అడిగే ప్రశ్నే అడిగింది. ఈసారి మాత్రం నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"గుప్పిట్లో ఉప్పు పట్టుకుని అలా మౌనంగా నిలబడ్డారు కదమ్మా. ఆ నిలబడ్డంతసేపూ మీ మనసులో ఏముండేది?"

వరహాలమ్మ బదులు చెప్పలేదు. వీపు కుర్చీకి ఆనించకుండా నిటారుగా కూర్చుంది. కుడి చెయ్యి బల్ల మీద గుప్పిట బిగుసుకుంది. చూపు కాత్యాయనిని దాటి ఎక్కడికో పోయింది.

రేడియోకి మౌనమంటే ప్రాణభయం. ఒక పది సెకన్లు చప్పుడు లేకపోతే వినేవాళ్ళు స్టేషను చచ్చిపోయిందనుకుంటారు. అందుకని వీణ రికార్డు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అద్దం అవతల ఇంజనీరు లేచి దాని మీటకి చెయ్యి చాపాడు. కాత్యాయని అరచెయ్యి ఎత్తి గట్టిగా ఆపింది. మౌనం సాగింది. జిల్లా అంతటా రేడియోలు ఏమీ పలకకుండా ఉండిపోయాయి.

అప్పుడు వరహాలమ్మ నోరు విప్పింది. అది వరహాలమ్మ గొంతు కాదు, వయసులో ఉన్న ఉప్పు కూలీ గొంతు.

"అయ్యా పెద్దలూ! ఈ మడి నీదని రుజువేంటని అడిగారు. చెప్తన్నాను. సముద్రం నీళ్ళు తెచ్చింది. పొద్దు ఎండ తెచ్చింది. ఆ రెంటికీ మధ్యన నడుం వంచిందెవరయ్యా? మీరు వంచారా? మీ తాతలు వంచారా? వంగిన ఆ నడుం నాది. వంగినంత కాలం మీకు కనబళ్ళేదు. ఇయ్యాల లేచి నిలబడ్డాను, ఇప్పుడు కనబడ్డాను, అడుగుతన్నారు, ఎవత్తివే నువ్వని..."

కాత్యాయని చేతిలో కాగితాలు కింద పడ్డాయి, తీసుకోలేదు. అవి తండ్రి మాటలు. ఏ టేపులోనూ లేని మాటలు, చెదలు తిన్నాయనుకున్న మాటలు. మొదటి పేజీ, రెండో పేజీ, మూడో పేజీ, ఎక్కడా తడబడకుండా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే తీసుకుంటూ వరహాలమ్మ చెప్పుకుపోయింది. అద్దం అవతల ఇంజనీరు నిలబడిపోయాడు. కార్యక్రమం సమయం దాటిపోయింది, తర్వాత రావలసిన వార్తలు ఆగాయి, ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగో పేజీ అయ్యాక వరహాలమ్మ గుప్పిట విప్పి, చెమట కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ తన గొంతులోకి వచ్చేసింది.

"ఇదేనమ్మా నా మనసులో ఉండేది. నాటకం ఆడిన ప్రతిసారీ, ఆ నిలబడ్డంతసేపూ, మీ నాన్న రాసిందంతా లోపల చెప్పుకునేదాన్ని. ఒక్క ముక్క వదిలేదాన్ని కాదు. లేకపోతే వట్టిగా అంతసేపు నిలబడ్డం ఎవరి తరం? మా ఆయనక్కూడా చెప్పలేదు. ఎవరూ అడగలా, నేను చెప్పలా."

కాత్యాయని ముగింపు మాటలు, శ్రోతలకి ధన్యవాదాలు, అన్నీ మర్చిపోయింది. ఎదురుగా మైకు ఉందని కూడా మర్చిపోయి, చంటిపిల్లలా ముందుకి వంగింది.

"ఇంకోసారి చెప్పరూ," అంది.

వరహాలమ్మ గ్లాసులో నీళ్ళు ఒక గుక్క తాగి, మొదటి నుంచి ఎత్తుకుంది.